నలుపు లేని రంగుల పెట్టె

గొడుగు నా చేతిలో ఉంది కాబట్టి ఆయన దగ్గరికే వెళుతున్నానని తెలుస్తూనే ఉంది, కానీ దారి మాత్రం రోజూ నడిచిన దారిలా లేదు. తాటితోపు దాటగానే ఎదురుగా రావలసిన సముద్రం పక్కకి జరిగిపోయి హైస్కూలు ప్రహరీకి ఆనుకుని నిలబడింది, ఇసుకలో క్లాసురూము బెంచీలు వరసగా వేసి ఉన్నాయి, వాటి మీద పిల్లలు లేరు, ఎండబెట్టిన చేపలున్నాయి, చేపలన్నీ బోర్డు వైపే చూస్తున్నాయి, బోర్డు ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. ఇదేదీ నాకు వింతగా లేదు. కాళ్ళ కింద ఇసుక ఇంకా చల్లగా ఉంది, అంటే పొద్దెక్కలేదు, అంటే నాకు ఆలస్యం కాలేదు. ఆ ఒక్క మాటే లోపల కొట్టుకుంటోంది. ఈసారి ఆలస్యం కాలేదు.

ఆయన తన మడత స్టూలు మీద కూర్చుని బొమ్మ వేస్తున్నారు. వీపు నా వైపు ఉంది. చొక్కా భుజం మీద ఆకుపచ్చ మరక, నేను ఎన్ని సబ్బులతో రుద్దినా పోని మరక, అక్కడే ఉంది. ఆ చొక్కాతోనే ఆయన్ని పంపించాను, అది ఆయనతోపాటే వెళ్ళిపోయింది, మళ్ళీ ఎలా వచ్చిందా అని ఒక్క క్షణం అనిపించి, ఉతికినట్టుందే అనుకుని ఊరుకుంటున్నాను.

మా ఆయన జలుమూరి సింహాద్రి. భీమిలి దాటాక మా చినగెడ్డపాలెంలో హైస్కూలు డ్రాయింగు మేస్టారు. ఊరికి రంగుల మేస్టారు. ఆయన పోయి ఏడాది అయింది. ఆ సంగతి నాకు ఇక్కడ కూడా తెలుసు, ఆయనకి తెలుసో లేదో తెలియదు, అందుకని నేను ముందుగా ఆ మాట ఎత్తకూడదు.

"ఎడమకి పట్టు," అంటున్నారు వెనక్కి తిరగకుండానే.

నేను వచ్చినట్టు ఆయనకెలా తెలిసిందని అడగను. పెళ్ళయిన కొత్తలోనే అడిగి మానేశాను. గొడుగు విప్పి ఎడమకి పడుతున్నాను. నీడ బొమ్మ మీద పడింది. ఆయన మీద కాదు, బొమ్మ మీద. తెల్లటి గుడ్డ మీద ఎండ పడితే కళ్ళు మోసపోతాయనీ, అక్కడ బాగున్న రంగు ఇంటికొచ్చాక మసిగా కనిపిస్తుందనీ, బొమ్మ ఎప్పుడూ నీడలోనే పుట్టాలనీ ఆయన పట్టుదల. ముప్పై ఏళ్ళకు పైగా ఈ తీరంలో ఆయన వేసిన ప్రతి బొమ్మకీ నీడ నేను పట్టిందే. ఆయనకి ఎండ, బొమ్మకి నీడ, నాకు చెయ్యి నొప్పి అని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వేవారు.

"గోడ మీద నా ఫొటో ఎవరు పెట్టారు?" అంటున్నారాయన.

అయితే తెలుసన్నమాట.

"నేనే పెట్టాను. ఏటి, బాలేదా?"

"ముక్కు వంకరగా పడింది. దానికి దండొకటి. దండ మీద సీరియల్ లైట్లొకటి. రాత్రంతా ఎర్రగా ఒకసారి, పచ్చగా ఒకసారి. ఏ రంగు ముక్కో నాకే తెలీడం లేదు."

"బతికుండగా ఒక్క ఫొటోకి తిన్నగా నిలబడ్డారా? ఉన్నదాంట్లో అదే మంచిది."

"వెలుతురు మారిపోతుంటే ఫొటోకి ఎవడు నిలబడతాడే, వరాలూ."

నా పేరు వరహాలు. వరాలూ అని పిలిచే మనిషి ఒక్కరే ఉండేవారు. ఆ పిలుపు చెవిన పడగానే చేతిలో గొడుగు నీళ్ళబిందెలా బరువెక్కుతోంది, రెండు చేతులా పట్టుకుంటున్నాను, అలా పట్టుకునే, ఆయన మొహం చూద్దామని పక్కకి ఒక అడుగు వేస్తే ఆయనా స్టూలుతో సహా అంతే పక్కకి జరుగుతున్నారు, వీపే కనిపిస్తోంది. మరో అడుగు వేస్తున్నాను. మళ్ళీ వీపే.

"కదలకు. నీడ కదులుతోంది."

జాలరి నూకయ్య ఎక్కడినుంచో వచ్చాడు. బెంచీల మధ్య పడవ బోర్లించుకుని కూర్చుని, పగుళ్ళలో దూది కూరుతున్నాడు. వాడు బతికే ఉన్నాడు, నిన్న సాయంత్రం కూడా మా వాకిట్లో చేపలు పెట్టి వెళ్ళాడు, అయినా ఇక్కడ ఆయనతో మాట్లాడటానికి వాడికేమీ అడ్డు లేదు.

"మేస్టారూ, మా పడవకి ముక్కు లేదేటి?" అంటున్నాడు బొమ్మ వైపు మెడ సాచి.

"మంచులో ఉందిరా."

"మరి బొమ్మయిపోయాక మంచు తీసేత్తారేటి?"

"నీ పడవ ఒడ్డుకొస్తే అదే కనిపిస్తుంది. కొంచెంసేపు చూడు."

"సూత్తన్నానయ్యా, సిన్నప్పట్నించీ సూత్తన్నాను. మీ బొమ్మల్లో ఒక్క పడవా ఒడ్డుకి రాదు."

ఇదంతా వాళ్ళిద్దరూ ఎన్నో ఏళ్ళు ఆడుకున్న మాటే. పట్నంలో పెద్దవాళ్ళు కూడా ఇదే మాట గట్టిగా అన్నారు. గీత రానివాడు మంచు వేస్తాడని ఒకాయన, ఇది బొమ్మ కాదు బొమ్మకి ముందు తుడుచుకున్న గుడ్డ అని ఒకాయన. ఈయన మాత్రం ప్రతి తెల్లవారుజామునా పెట్టె భుజాన వేసుకుని వచ్చి, ఒక వెలుతురు ఉన్నంతసేపే వేసి, అది పోగానే కుంచె దించేసేవారు. మర్నాడు అదే బొమ్మ ముట్టుకునేవారు కాదు. "నిన్నటి వెలుతురు నిన్ననే పోయింది, ఇవాళ దాన్ని గుర్తు తెచ్చుకుని వేస్తే అది అబద్ధం" అనేవారు. అలా సగంలో ఆగిన బొమ్మలు గోడకి మొహం పెట్టి నిలబడి ఉండేవి, మళ్ళీ ఏడాది అదే కాలంలో, అలాంటి పొద్దే వస్తుందేమోనని. కొన్నిటికి వచ్చింది. చాలావాటికి రాలేదు.

ఇప్పుడు అవన్నీ ఇక్కడ ఉన్నాయి, ఇసుకలో గుచ్చి నిలబెట్టినట్టు, సముద్రం వైపు మొహాలు పెట్టి. ఆ వరసలో చివరిదానికి పాత పంచె చుట్టి ఉంది. దాన్ని చూడగానే నేను అడగాల్సింది గుర్తొస్తోంది.

"ఏటండీ," అంటున్నాను, "ఆ పంచె చుట్టిన బొమ్మ గురించి..."

"కాకి ఏ రంగు?" అంటున్నారాయన.

బెంచీల చివర కాకి వాలింది. పిల్లల్ని ఆయన మొదటిరోజు అడిగే ప్రశ్న అదే. నలుపు అన్నవాణ్ణి ఎండలోకి పంపేవారు, మళ్ళీ చూసి రమ్మని. మెడ దగ్గర నీలం సార్, రెక్క మీద ఊదా సార్, ముక్కు మీద ఆకాశం ఉంది సార్ అనేదాకా లోపలికి రానిచ్చేవారు కాదు. లోకంలో నలుపు లేదు, చూడటం రానప్పుడు మనం పెట్టుకున్న పేరు అది, అనేవారు. రంగుల పెట్టెలో నల్లరంగు ట్యూబు వస్తే కొన్నరోజే ఇంటికీ ఒడ్డుకీ మధ్య ఉన్న వాగు, ఆ గెడ్డలోకి విసిరేసేవారు.

"నాకు కాకి సంగతొద్దు," అంటున్నాను. "రేపు పొద్దున్న హైదరాబాదు నుంచి నిరంజన్ అని ఒక అబ్బాయి వస్తాడు. మంచి కుర్రాడే. పాత బొమ్మలు శుభ్రం చెయ్యడం అతని పని. విశాఖలో మీ బొమ్మలన్నీ పెడుతున్నారు, ఏడాది అయింది కదా అని. మీ చివరి బొమ్మ కూడా కావాలంటున్నారు."

"ఏది చివరిది?"

"అదే, ఆ రోజుది. సముద్రానికి వీపు పెట్టి వేసింది."

ఆయన కుంచె ఆగదు. నేను చెప్పుకుపోతున్నాను, ఆగితే మళ్ళీ చెప్పలేనని. బొమ్మలో తాటితోపు ఉందట, ఇసుక ఉందట, మన ఇంటి దగ్గర్నుంచి గట్టెక్కి వచ్చే దారి ఉందట, దారి మధ్యలో నల్లటి మచ్చ ఒకటి పడిందట. పోయినవారం అతను పంచె విప్పి చూసినప్పుడు నేను వంటింటి గుమ్మంలో ఉండిపోయాను, దగ్గరికి వెళ్ళలేదు, ఆ రోజు నుంచీ దాన్ని చూడటం నావల్ల కాలేదు. మేస్టారు పడిపోయినప్పుడు కుంచె తగిలి ఉంటుందమ్మా, ఆయన నలుపు వాడరు కదా, ఇది ఆయన వేసింది కాదు, దూదితో జాగ్రత్తగా తీసేస్తాను, కింద ఇసుక రంగు చెక్కుచెదరదు, అన్నాడు. నేను సరే అన్నాను.

"సరే అన్నావా?"

"మరేటి చెయ్యమంటారు? మీరు నలుపు వాడరని నేనే ఊరంతటికీ చెప్పుకున్నాను."

ఆయన నవ్వుతున్నారు. భుజాలు కదలడం చూసి నవ్వని తెలుస్తోంది. "నీలంలో కావిరంగు కలిపితే ఏటవుతుంది?"

"నాకేటి తెలుసు. నేను గొడుగు పట్టేదాన్ని."

"ముప్పై ఏళ్ళు పక్కన నిలబడి చూసినదానివి."

"నేను సముద్రం కేసి చూసేదాన్ని. మీరు వేసింది సముద్రమే కదా. సముద్రం, మంచు, గెడ్డ, తాటిచెట్లు. నన్నొక్కసారి వెయ్యండి అని ఎన్నిసార్లు అడిగాను? పేపరువాళ్ళు ఏమని రాశారు, మనుషుల్లేని చిత్రకారుడు అని. నేను మనిషిని కానా? ఒక్క బొమ్మలో, ఆ మూల, వేలెడంత."

ఈ మాట నేను చాలాసార్లు అన్నదే, కానీ ఎప్పుడూ నవ్వుతూ అన్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. బెంచీల మీద చేపలు తలలు దించుకున్నాయి. నూకయ్య పడవ కిందికి దూరిపోయాడు. సముద్రం ప్రహరీ మీంచి మెల్లగా లోపలికి వంగుతోంది, కిరసనాయిలు వాసన వేస్తోంది, ఆయన కుంచెలు కడుక్కునే డబ్బా వాసన.

"నువ్వు పక్కనుంటే నిన్నెలా వేస్తానే?" అంటున్నారు ఆయన. చాలా మామూలుగా అంటున్నారు. "ఎప్పుడు చూసినా పక్కనే ఉంటివి. వెయ్యాలంటే ఎదురుగా ఉండాలి కదా."

చెయ్యి లాగుతోంది. గొడుగు నీడ బొమ్మ మీదనుంచి జారి ఇసుక మీద పడితే, ఆ ఇసుక నిజంగానే ఊదారంగుగా ఉండటం నేను మొదటిసారి చూస్తున్నాను, ఇన్నేళ్ళూ ఆయన బొమ్మల్లో ఆ ఊదారంగు చూసి ఇదెక్కడిదండీ అని వేళాకోళం చేసిన నేను.

ఇక అడిగేస్తున్నాను. దీనికోసమే కదా ఇంత దూరం నడిచాను.

"ఆ రోజు చెయ్యి ఎందుకు ఎత్తారు?"

ఆయన కుంచె కడిగి మళ్ళీ రంగులో ముంచుతున్నారు.

"ఆ రోజు నాకు రాత్రంతా దగ్గు. నిద్రపోనీ అని మీరు లేపకుండా వెళ్ళిపోయారు. నేను లేచేసరికి గొడుగు మేకుకి వేలాడుతోంది. గొడుగు లేకుండా మీరెప్పుడు వెళ్ళారు? మరిచిపోయారనుకుని తీసుకుని బయలుదేరాను. గట్టెక్కేసరికి మీరు కనిపించారు. నా వైపు తిరిగి కూర్చున్నారు. వెనకాల పొద్దు పొడుస్తోంది, మీ మొహం కనపడలేదు, అంతా నీడగా ఉంది. మీ కుడిచెయ్యి పైకి లేచింది. తిన్నగా, ఇలా. నేను చూశాను. నన్ను చూసి చెయ్యెత్తారనుకున్నాను. వస్తున్నానని కేకేశాను. కేకేసి, నడిచే వచ్చాను. నడిచే వచ్చానండీ. గట్టు దిగి, గెడ్డలో దిగి, ఇవతలికి ఎక్కేసరికి..."

ఇవతలికి ఎక్కేసరికి ఆయన స్టూలు పక్కన ఇసుకలో ఒరిగి ఉన్నారు, కళ్ళు తెరిచే ఉన్నాయి, కుంచె చేతిలోనే ఉంది. గెడ్డలో ఉన్నంతసేపూ నాకు ఇసుక గోడలు తప్ప ఏమీ కనపడవు. ఆ కాసేపట్లో ఆయన వెళ్ళిపోయారు. గుండె, అన్నాడు డాక్టరు. నొప్పి వచ్చి చెయ్యెత్తి పిలిచి ఉంటారు, అన్నారు ఎవరో పరామర్శకి వచ్చినవాళ్ళు, మంచిమనసుతోనే. ఆ మాట నాలో దిగబడిపోయింది. ఆ తెల్లారి ఒడ్డున ఉన్నవాడు నూకయ్య ఒక్కడే, వాణ్ణి ఎన్నిసార్లు అడిగినా, నాను వల పన్లో ఉన్నానమ్మా, అటు సూళ్ళేదు అంటాడు.

"నన్ను పిలిచారా?" అంటున్నాను ఆయన వీపుతో. "నొప్పి వచ్చి పిలిస్తే, నేను తాపీగా నడిచి వచ్చానా? అది చెప్పండి చాలు. బొమ్మ తుడిచేస్తే తుడిచేస్తారు, పోతే పోయింది. ఆ చెయ్యి ఎందుకెత్తారో చెప్పండి."

కుంచె ఆగింది.

"గొడుగుకి ఏటది, ఎర్రగా?" అంటున్నారు.

ఎప్పుడూ ఇంతే ఈ మనిషి. ఇల్లు కాలిపోతోందన్నా మంట అంచున ఆ ఆకుపచ్చ చూశావా అంటారు. కోపం వస్తోంది, ఏడుపు వస్తోంది, అయినా అలవాటు కొద్దీ తలెత్తి చూస్తున్నాను. గొడుగు అంచున, నా కుడిచేతి వైపు, ఎర్రగుడ్డ పీలిక ముడివేసి ఉంది, ముడి చివర గాలికి కొట్టుకుంటోంది.

"జాకెట్టు గుడ్డ. పేరంటంలో ఎవరో పెట్టింది, కుట్టించుకోలేదు. పెరట్లో గొడుగు విప్పి చూస్తే గాలికి తిరగబడి ఊస ఊడిపోయింది. ముసల్ది కదా గొడుగు. చేతికి ఇదే దొరికితే చింపి కట్టాను. కళ్ళ మీద పడుతుందని ఆ వైపు కుడికి తిప్పి పట్టుకున్నాను."

"ఎప్పుడు?"

"ఆ రోజే. మీ కోసం బయలుదేరేటప్పుడు."

"ఊఁ," అంటున్నారు ఆయన. స్కూల్లో పిల్లవాడు కాకి మెడ మీద నీలం కనిపెట్టినప్పుడు అనే ఊఁ అది. ఇంకొంచెం చూడు, ఇంకా ఉంది, అన్నట్టు. తర్వాత గొంతు మారుతోంది. "గొడుగు నేను మరిచిపోలేదే, వరాలూ."

"మరి?"

"వదిలేస్తే నువ్వు తెస్తావు కదా."

నాకు అర్థం కావడం లేదు, అర్థమవుతోంది, మళ్ళీ జారిపోతోంది. సముద్రం ప్రహరీ దాటి బెంచీల కిందికి వచ్చేసింది, చేపలు ఒక్కొక్కటే దిగి వెళ్ళిపోతున్నాయి, గంట కొట్టిన తర్వాత పిల్లల్లా, తోసుకోకుండా.

"నువ్వు అటెళ్ళు," అంటున్నారు. "గట్టు మీదికి. పొద్దు వచ్చేస్తోంది."

"ఇప్పుడే కదా వచ్చాను. మొహమైనా చూపించలేదు."

"ఎల్లవే తల్లీ. పక్కనుంటే ఎలా?"

వెళ్ళకూడదని తెలుసు. వెళితే మళ్ళీ గెడ్డ దాటి రావాలి. కానీ ముప్పై ఏళ్ళు ఆయన ఎడమకి అంటే ఎడమకి, కుడికి అంటే కుడికి జరిగిన కాళ్ళు, నా మాట వినకుండా నడుస్తున్నాయి. గెడ్డలో దిగుతున్నాను. ఇసుకగోడలు రెండువైపులా లేస్తున్నాయి, ఆయన కనపడటం లేదు, సముద్రం హోరు కూడా వినపడటం లేదు. అడుగున నీళ్ళు లేవు, రంగు ఉంది, నీలం ఒక పాయ, కావి ఒక పాయ, రెండూ కలిసిన చోట చీకటి. నా కాళ్ళు ఆ చీకట్లో పడి తడుస్తున్నాయి. వంగి చూస్తే అది నలుపు కాదు. లోపల ఊదా కదులుతోంది, ఆకుపచ్చ ఒక్క మెరుపు మెరిసి పోయింది. ఇదా మీరు గిన్నెలో కలిపేది, అని అరవాలనిపిస్తోంది, నాకు తెలిసిపోయింది అని చెప్పాలనిపిస్తోంది.

అవతలి గట్టెక్కి వెనక్కి తిరుగుతున్నాను.

చాలా దూరంగా, పొద్దు ముందు, ఆయన. ఈసారి నా వైపే తిరిగి ఉన్నారు. మొహం కనపడదు, వెలుతురంతా వెనకే ఉంది. కుడిచెయ్యి మెల్లగా పైకి లేస్తోంది. తిన్నగా, మోచెయ్యి వంగకుండా. పరుగెత్తాలి, ఈసారి పరుగెత్తాలి, కాలు ఎత్తబోతున్నాను.

"కదలకు," అని వినిపిస్తోంది, అంత దూరం నుంచి, చెవి పక్కన అన్నట్టుగా.

అప్పుడు చూస్తున్నాను. ఆ చేతిలో కుంచె ఉంది. నిలువుగా పట్టుకుని ఉన్నారు. తల కొంచెం పక్కకి వంచారు, ఒక కన్ను మూశారు. తాటిచెట్టుని కొలిచినట్టు, తెరచాపని కొలిచినట్టు, ఎన్ని వేల పొద్దుల్లో పక్కన నిలబడి చూశాను ఆ కొలత, ఎదురుగా ఎన్నడూ చూడలేదు. బొటనవేలు కుంచె మీద కిందికి జరుగుతోంది, నేనెంత ఉన్నానో అంత దగ్గర ఆగుతోంది.

కదలను. కదిలితే పాడైపోతుంది. కదలకపోతే ఆయన పోతారు. రెండూ తెలుసు. గొడుగు ఎత్తి పట్టుకుని, ఎర్రపీలిక చెంపకి కొట్టుకుంటుంటే, వస్తున్నాను, వస్తున్నానండీ అని గొంతు చించుకుంటున్నాను, ఆ కేక నా నోట్లోంచి కాకుండా గెడ్డ లోంచి వస్తోంది, పొద్దు ఆయన భుజం దాటుతోంది, తెల్లగా, తెల్లగా...

"...వస్తున్నాను."

గది. పైన ఫ్యాను. కిటికీలోంచి పొద్దు నా మొహం మీదికే వస్తోంది. నా కేక నాకే వినపడి లేచినట్టున్నాను. చెంప తడిగా ఉంది. ఫొటో దండ మీద లైట్లు ఎర్రగా ఒకసారి, పచ్చగా ఒకసారి వెలుగుతున్నాయి. లేచి ముందు వాటి స్విచ్చి ఆపుతున్నాను.

కల కలే. నా మనసుకి కావలసింది నా మనసే ఆయన చేత అనిపించింది. చెయ్యి కొలతకి ఎత్తారని నేను నమ్మాలనుకున్నాను, నమ్మించుకున్నాను. దానికి సాక్ష్యం ఎవరు? నూకయ్య అటు చూడలేదు.

గొడుగు మేకుకి ఉంది. ఆ రోజు మూసి తగిలించాక మళ్ళీ విప్పలేదు. ఎర్రపీలిక మడతల్లో నలిగి, కొస ఒక్కటే బయటికి కనిపిస్తోంది. బీరువా పక్కన పంచె చుట్టిన బొమ్మ. కాసేపట్లో నిరంజన్ వస్తాడు, దూది తెస్తాడు, సీసా తెస్తాడు, సరే అన్నాను కాబట్టి తుడుస్తాడు.

పంచె ముడి పోయినవారం నిరంజన్ మళ్ళీ వేసింది. విప్పుతున్నాను. బొమ్మని కిటికీ దగ్గరికి తెచ్చి గోడకి ఆనించి, ఎండ నేరుగా పడుతుంటే అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టి నీడ పట్టి, చూస్తున్నాను.

తాటితోపు, సగం. ఇసుక. గట్టు. దారి. దారి మధ్యలో, గట్టు మీద మచ్చ, వేలి కొస అంత కూడా లేదు. కుంచె జారి తగిలితే గీసుకుపోవాలి, ఇది గీసుకుపోలేదు, నిలబడి ఉంది. పైన వెడల్పు, కింద సన్నం. నలుపు కాదు. నీలం ఉంది, కావిరంగు ఉంది, అవి రెండూ కలవకుండా మిగిలిన చోట ఊదా ఉంది.

దాని పక్కన, నాకు ఎదురుగా కూర్చున్న మనిషికి ఎడమవైపు, అంటే ఆ దారిన వచ్చే మనిషికి కుడిచేతి వైపు, వెంట్రుకంత ఎర్రగీత ఒకటి ఉంది. గాలికి కొంచెం పక్కకి ఒరిగి ఉంది.

గేటు చప్పుడవుతోంది. "అమ్మా," అంటున్నాడు నిరంజన్ బయటినుంచి. "లేచారా?"

"వస్తున్నాను బాబూ," అంటున్నాను, ఆ రోజు గట్టు మీంచి అన్నంత గట్టిగా, అంటూ అక్కడి నుంచి కదలడం లేదు. నీడ కదులుతుంది.